ఇరుసు చెప్పు మాట



దశరథ మహారాజు కైకకు రెండు వరములు ఏల ఇచ్చెనో ఎఱుగనివారు మీలో నుండరు. దేవాసుర యుద్ధమున ఆమె రాజును కాపాడినందులకే యని రామాయణము చెప్పుచున్నది. ఎట్లు కాపాడెనో మన హరికథకులు మఱికొంత చేర్చి చెప్పుదురు. యుద్ధము నడుమ రథచక్రపు కడచీల ఊడిపోయెననియు, చక్రము జాఱిపోకుండ కైక తన వ్రేలిని ఆ రంధ్రమున నుంచి రథమును నిలిపెననియు వారు వర్ణింతురు. ఈ కథ నిజమా కాదా యని విచారించుట నేటి నా పని కాదు. దీనిని కల్పించినవాడు బండి నెఱిగినవాడని మాత్రము చెప్పగలను. గుఱ్ఱములు మేలైనవి కావచ్చును, సారథి నేర్పరి కావచ్చును, రథముపై గూర్చున్నవాడు చక్రవర్తియే కావచ్చును. చక్రమును ఇరుసును కలిసికొను జానెడు చోట లోపము కలిగినచో ఇవి యేవియు అక్కఱకు రావు.

ఆ జానెడు చోటి చరిత్రయే నేటి నా ప్రసంగము. ఇరుసునకు కలుగు కీడు రెండు విధములు. ఒకటి ముందుగా చెప్పి వచ్చును. రెండవది చెప్పక వచ్చును. చెప్పి వచ్చుదానిని మనము విననప్పుడు అది చెప్పక వచ్చుదానిని వెంటబెట్టుకొని వచ్చును. ఇంత చిన్న సంగతిని తెలిసికొనుటకు మనుష్యజాతి చాల వెల యిచ్చినది. అది యెట్లో మనవి చేసెదను.

మొదట మన యెడ్లబండిని తీసికొందము. దీని ఇరుసు తిరుగదు. చక్రములు రెండును దానిపై వేఱువేఱుగా తిరుగును. చక్రనాభికిని ఇరుసు కొనకును నడుమ ఎడతెగని రాపిడి యుండును. దానిని తగ్గించుటకే కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి, గొట్టమున నింపి, బండిక్రింద వ్రేలాడగట్టుకొనుట మన రైతులకు తరతరముల వాడుక. కందెన యెండినప్పుడు ఇరుసు కిఱ్ఱుమని మొఱపెట్టును. కునికిపాటు పడుచున్న బండివానిని ఆ మొఱయే మేల్కొల్పును. అతడు దిగి, కడచీల తీసి, చక్రమును కొంచెము వెలికి లాగి, కందెన పూసి, మరల బండి తోలుకొని పోవును. ఒకవేళ అతడు వినిపించుకొనకున్నను నష్టము కొంచెమే. ఎద్దులు గంటకు రెండు మూడు మైళ్ళకంటె ఎక్కువ నడువవు. చక్రము ఊడినచో బండి ప్రక్కకు ఒఱగును; బస్తాలు జాఱును; తోడిబండ్లవారు వచ్చి భుజము పట్టుదురు. నడక నెమ్మది యైనంతకాలము ఇరుసు చేసిన తప్పిదము తిట్లతో తీఱిపోవుచుండెను.

ఆవిరియంత్రము వచ్చి ఆ నెమ్మదిని పోగొట్టినది. రైలుబండిలో చక్రములు ఇరుసునకు బిగింపబడి యుండును. చక్రముతోబాటు ఇరుసును తిరుగును. దాని రెండు కొనలు పెట్టెలవంటి అమరికలలో తిరుగుచు బండి బరువునంతయు మోయును. ఇట్లు తిరుగు కొనకు ఆధారమైన భాగమునకు బేరింగు అని పేరు. మన కార్ఖానాలలోను ఆ మాటయే నిలిచినది కావున నేనును దానినే వాడెదను.

1842 వ సంవత్సరము మే నెల 8 వ తేదీ ఆదివారము. ఫ్రాన్సుదేశపు రాజైన లూయీ ఫిలిప్పు గౌరవార్థము వెర్సాయి ఉద్యానవనములలో జలయంత్రముల వేడుక జరిగినది. దానిని చూచి సాయంకాలము పారిసునకు మరలుచున్న జనులతో రైలుబండి క్రిక్కిఱిసి యుండెను. పెట్టెలు పెక్కు కావున రెండు ఇంజనులను ముందు తగిలించిరి. మ్యూడాన్ అను చోటికి వచ్చునప్పటికి మొదటి ఇంజను ఇరుసు విఱిగినది. ఆ ఇంజను కూలబడగా రెండవది దానిని ఢీకొనెను. వెనుకనున్న పెట్టెలు వానిపైకి ఎగబ్రాకెను. పొయ్యిలోని నిప్పులు చెదరి కొయ్యపెట్టెలకు అంటుకొనెను. ప్రయాణికులు దారిలో దిగకుండుటకై పెట్టెల తలుపులకు తాళములు వేయు ఆచారము ఆ కాలమున నుండెను. ఇక చెప్పవలసిన దేమున్నది? ఏబదిమందికి పైగా జనులు అచ్చట ప్రాణములు కోల్పోయిరి.

మృతులలో డ్యూమాన్ డ్యుర్విల్ అను ప్రసిద్ధ నావికుడొకడు. దక్షిణధ్రువమును చుట్టియున్న మంచుసముద్రమును చొచ్చి, 1840 లో అచ్చట ఒక భూభాగమును కనుగొని, తన భార్యయైన ఆడెల్ పేర దానికి ఆడెలీ భూమి యని నామకరణము చేసినవాడతడు. ఆ భార్యయు, కుమారుడును ఆనాడు అతనితోబాటు ఆ పెట్టెలో నుండిరి. మువ్వురును మరణించిరి. మంచుకొండలనుండి బ్రదికి వచ్చిన మనుష్యుడు ఇంటికి పోవు దారిలో ఒక ఇరుసు విఱుగుటచే సమసిపోయెను.

ఆ దుర్ఘటనము తరువాత ఫ్రాన్సులో పెట్టెలకు తాళములు వేయుట మానిరి. అది మంచి సంస్కరణమే. కాని ఇరుసు ఏల విఱిగినదను ప్రశ్న మిగిలినది. ఇరుసులు విఱుగుట ఆ దినములలో అరుదు కాదు. నిన్నటివరకు ఏ బరువును సులభముగా మోసెనో ఆ బరువుననే ఇరుసు నేడు విఱుగుచుండెను. కుదుపులచేత ఇనుము లోలోపల మాఱి, నారవలె నున్నది పటికబెల్లపు పలుకులవలె అగుననియు, అందుచే పెళుసెక్కి విఱుగుననియు చాలమంది నమ్మిరి. విఱిగినచోట ఇనుము పలుకులు పలుకులుగా కనబడుటయే ఈ నమ్మకమునకు మూలము.

స్కాట్లండు దేశీయుడైన విలియం రాంకిన్ అను యువకుడు ఇందులకు సమ్మతింపలేదు. మ్యూడాన్ దుర్ఘటనము జరిగిననాటికి అతనికి ఇంకను ఇరువదిరెండేండ్లు నిండలేదు. విఱిగిన ఇరుసులను పరిశీలించి 1843 లో ఇంగ్లండులోని ఇంజనీర్ల సంస్థకు అతడొక వ్యాసమును సమర్పించెను. అతడు చూపినది యిది. ఇరుసు ఒక్క క్షణమున విఱుగలేదు. లావైన భాగము సన్నని కొనగా మాఱుచోట, మూల వాడిగా చెక్కబడిన తావున, మొదట వెండ్రుకవంటి చీలిక పుట్టును. అది చుట్టును వలయమువలె వ్యాపించి, దినదినము లోపలికి చొచ్చుకొని పోవును. నడుమ మిగిలిన మంచి యినుము తఱిగి తఱిగి, తుదకు బరువు మోయజాలక ఒకనాడు తటాలున తెగును. కావున ఆ మూలను వాడిగా చెక్కక, నున్నగా వంపు తిరుగునట్లు చేయవలెనని అతడు బోధించెను. నేటి ఇరుసులన్నిటియందును ఆ వంపు కనబడును.

రాంకిన్ చూచినదానిని లెక్కకు తెచ్చినవాడు జర్మనుదేశీయుడైన ఆగస్టు వోలర్. ఇతడు ఓడర్ నదీతీరమునందలి ఫ్రాంకుఫర్టు పట్టణమున రైల్వే ఉద్యోగి. ఇరుసు ముక్కలను యంత్రమునకు తగిలించి, వంచుచు త్రిప్పుచు, ఎన్ని మార్లు తిరిగిన పిమ్మట విఱుగునో ఏండ్ల తరబడి లెక్కించెను. ఆ పరీక్షల ఫలితములు 1870 నాటికి పూర్తిగా ప్రకటింపబడినవి. ఒక్కమాఱు మోపినచో ఏమాత్రము చెఱుపు చేయని బరువు, లక్షలమార్లు మోపినచో ఇనుమును తెంపగలదని అతడు నిరూపించెను. తిరుగు ఇరుసు ప్రతి చుట్టునందును ఒకమాఱు ఇటు, ఒకమాఱు అటు వంగును. తీగను చేతులతో అటునిటు వంచి వంచి త్రుంచుట మన మెఱుగుదుము, ఇదియు అట్టిదే. లోహమునకు అలసట యని దీనికి పేరు వచ్చినది. ఈ అలసట బయటికి కనబడదు, వినబడదు, చేతికి తగులదు. చెప్పక వచ్చు కీడని నేను మొదట పేర్కొనినది ఇదియే.

ఇక చెప్పి వచ్చు కీడును చూతము. అది బేరింగునందు పుట్టును. పూర్వపు రైలుపెట్టెలలో ఇరుసు కొనపై ఇత్తడివంటి లోహపు దిమ్మ కూర్చుండెడిది. 1839 లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనునతడు తగరము ముఖ్యముగా గల మెత్తని తెల్లలోహపు పూతను ఇట్టి ఆధారములకు ఉపయోగించు విధానమునకు పేటెంటు పొందెను. ఆ దిమ్మ క్రింద నూనెలో తడిపిన నూలుపీచును కూరుదురు. నూనె యున్నంతసేపు ఇనుమునకును తెల్లలోహమునకును నడుమ పలుచని నూనెపొర నిలుచును, ఒకదానినొకటి తాకవు. నూనె తఱిగినచో పొర తెగును. రాపిడిచే వేడి పుట్టును. తెల్లలోహము కరగి కాఱిపోవును. మొదట కీచుమను ధ్వని, పిమ్మట కమురువాసన, ఆపైన పొగ, రాత్రివేళ నైనచో నిప్పురవ్వలు. తుదకు ఇరుసు కొన యెఱ్ఱగా కాగి, మెత్తబడి, బరువునకు మెలిదిరిగి ఊడిపోవును. ఇన్నివిధముల అది చెప్పుచునే యుండును.

1979 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీ రాత్రి కెనడాదేశమున మిస్సిసాగా నగరములో ఇట్లే జరిగినది. 106 పెట్టెలుగల సరకులబండి అది. ఒక పెట్టె బేరింగునకు నూనె చాలలేదు. అది కాగి, పొగలు గ్రక్కుచు, నిప్పులు చెరుగుచు పోవుచుండుటను దారిప్రక్కనున్న జనులు చూచిరి. బండి నడుపువారికి మాత్రము తెలియదు. తుదకు ఒక ఇరుసు చక్రములతో ఊడిపడెను. 24 పెట్టెలు పట్టాలు తప్పెను. వానిలో మండు వాయువులు నిండిన పీపాలును, విషవాయువైన క్లోరిను పీపాయును ఉండెను. పీపాలు ప్రేలినవి, క్లోరిను పీపాకు చిల్లి పడినది. రెండు లక్షలకు పైగా జనులను ఇండ్లు విడిపించి దూరమునకు పంపవలసివచ్చెను. దైవవశమున ఒక్క ప్రాణమైనను పోలేదు. ఒక చేరెడు నూనె లేకుండుటచే ఒక నగరము ఖాళీ యైనది.

ఈ బాధకు విరుగుడును శిల్పులు చాలకాలమునుండి వెదకుచునే యుండిరి. బరువైన దూలమును నేలపై ఈడ్చుటకంటె దాని క్రింద గుండ్రని కఱ్ఱలనుంచి దొర్లించుట తేలిక కదా! ఇరుసునకును అట్లే యేల చేయరాదు? 1794 లో వేల్సుదేశపు ఫిలిప్ వాన్ బండి ఇరుసు చుట్టు గాడిలో ఇనుప గోళీలు దొర్లు బేరింగునకు పేటెంటు పొందెను. 1869 లో పారిసునందలి సురిరే అను సైకిలు పనివాడు గోళీల బేరింగును సైకిలు చక్రమునకు అమర్చెను. ఆ యేడే పారిసునుండి రువాను వఱకు జరిగిన పందెములో అట్టి సైకిలు నెక్కిన జేమ్సు మూర్ గెలిచెను. అయినను గోళీలన్నియు ఒకే కొలతగా లేకున్నచో బరువు పెద్దగోళీలపైననే పడును. 1883 లో జర్మనీలో ఫ్రెడరికు ఫిషర్ ఉక్కుగోళీలను ఒకే కొలతకు సానపట్టు యంత్రమును నిర్మించి ఈ కొఱతను తీర్చెను. 1898 లో అమెరికాలో బండ్లు కట్టు హెన్రీ టిమ్కెన్ గోళీలకు మాఱుగా ఒకవైపు లావుగను, ఒకవైపు సన్నముగను ఉండు రోలర్లను అమర్చెను. పైనుండి పడు బరువును, మలుపు తిరుగునప్పుడు ప్రక్కనుండి వచ్చు ఒత్తిడిని ఇవి కూడ మోయగలవు. నేడు మోటారుబండ్ల యందును, రైలుపెట్టెల యందును విశేషముగా వాడుకలోనున్నవి ఈ జాతివే.

అయితే రోలరు బేరింగు అమరముకాదు. లక్షలమార్లు ఒత్తిడి పడగా రోలర్లపైనను, అవి దొర్లు దారిపైనను సున్నపుగోడవలె పెచ్చులు ఊడును. ఊడిన పెచ్చులు మిగిలినదానిని గీరి పాడుచేయును. 2023 వ సంవత్సరము ఫిబ్రవరి 3 వ తేదీ రాత్రి అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నడచుచున్న సరకులబండి సంగతి వినుడు. దారి పొడుగున బేరింగుల వేడిని కొలుచు యంత్రములు పాతబడియున్నవి. మొదటి యంత్రము ఒక బేరింగు చుట్టుప్రక్కల గాలికంటె 38 ఫారన్‌హీటు డిగ్రీలు వేడిగా నున్నదని గుర్తించెను. రెండవ యంత్రము 103 డిగ్రీలని గుర్తించెను. ఇంత వేడికి బండిని నిలుపవలెనను నియమము లేదు, నడుపువారికి కబురందలేదు. అచ్చటినుండి మూడవ యంత్రమునకు దాదాపు 20 మైళ్ళు. ఈస్టు పాలస్తీన్ అను ఊరియొద్ద ఆ యంత్రము 253 డిగ్రీలని చూపి హెచ్చరించెను. నడుపువారు బండిని నిలుపుచుండగనే 38 పెట్టెలు పట్టాలు తప్పెను. విషద్రవ్యములు నిండిన పీపాలు కొన్ని దినములు ఆ యూరిని వణకించెను. బేరింగు మూడుమార్లు మాటాడినది. రెండుమార్లు ఆ మాట వినవలసినవారికి చేరలేదు.

ఇప్పుడు మన వీథులలోనికి వత్తము. మోటారుబండికి ఒక చిక్కు కలదు. మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను, లోపలిది తక్కువ. ఎడ్లబండి చక్రములు వేఱువేఱుగా తిరుగును కావున దానికి ఈ చిక్కు లేదు. ఇంజను బలము రెండు చక్రములకు నందవలెను, అవి వేఱువేఱు వేగములతో తిరుగను వలెను. ఈ రెండింటిని పొసగించు పండ్లచక్రముల కూర్పే డిఫరెన్షియల్. ఫ్రాన్సుదేశపు గడియారముల శిల్పి పెక్కర్ దీనిని 1827-28 ప్రాంతమున ఆవిరిబండి కొఱకు రూపొందించెను. వెనుకచక్రములు నడచు కారులలోను, లారీలలోను ఇది రెండు చక్రముల నడుమ గుండ్రని పెట్టెలో నుండును. దీనిలోని క్రౌను చక్రమును పినియనును రోలరు బేరింగులపై నిలుచును. వాని పండ్లు ఒకదానితో నొకటి వెండ్రుకవాసి తేడా లేక కలిసికొనవలెను. బేరింగు అరిగినచో ఆ కలయిక చెడును. పండ్ల అంచులపైననే బరువు పడి అవి విఱుగును. విఱిగిన పన్ను రెండు చక్రముల నడుమ చిక్కినచో వేగముగా పోవు బండి వెనుకచక్రములు ఒక్కపెట్టున బిగిసిపోవచ్చును.

చక్రమునొద్దనున్న బేరింగు అరిగినచో కీడు ఇంకను పెద్దది. నూనె నాపు సీలు పాడై, నూనె బ్రేకులపైకి కాఱును. బ్రేకు వేసినప్పుడు బండి ఒకప్రక్కకు లాగును. కొన్ని బండ్లలో ఇరుసును నిలిపి యుంచునది ఆ బేరింగే కావున, అది చితికినచో చక్రము ఇరుసుతోగూడ వెలికి వచ్చును. కైక వ్రేలుంచిన రథమునకు వచ్చిన ఆపదయే యిది. మఱియొక సంగతి. వదులైన బేరింగులో ఇరుసు ప్రతిచుట్టునందును ఉండవలసినదానికంటె ఎక్కువ వంగును. సామాన్యమైన కారుచక్రము ఒక కిలోమీటరు దూరమునకు ఇంచుమించు 500 మార్లు తిరుగును. నూఱు కిలోమీటర్లు పోవునప్పటికి ఏబదివేల వంపులు. వోలర్ తన యంత్రముతో చేసిన పరీక్షను మనము మన కుటుంబమును కూర్చుండబెట్టుకొని చేయుచున్నామన్నమాట. చెప్పి వచ్చు కీడు చెప్పక వచ్చుదానిని వెంటబెట్టుకొని వచ్చుననుటకు అర్థమిదియే.

కాని బేరింగు ముందే మాటాడునని మఱువరాదు. బండి వేగముతోబాటు పెరుగు గుఱ్ఱుమను ధ్వని, స్టీరింగును కుడికి గాని ఎడమకు గాని త్రిప్పినప్పుడు ఆ ధ్వని హెచ్చుటయో తగ్గుటయో కలిగినచో, చక్రపు బేరింగును అనుమానింపవలెను. ఇంజను లాగునప్పుడు ఒక ఊళ, వదలినప్పుడు మఱియొక ఊళ వినబడినచో డిఫరెన్షియల్‌ను పరీక్షింపవలెను. దూరప్రయాణము చేసి దిగినప్పుడు రెండు చక్రముల నడిమిభాగములకు చేయి దగ్గఱగా ఉంచి, ఒకటి రెండవదానికంటె మిక్కిలి వేడిగా నున్నదేమో చూడవలెను. జాకీపై నెత్తిన చక్రము చేతితో ఊపగా కదలినచో సందేహములేదు. ఏ లారీ మేస్త్రీ నడిగినను, స్క్రూడ్రైవరు కొనను పెట్టెకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, లోపలి సంగతి చెప్పగలడు. బేరింగు మార్చుటకగు వ్యయము, ఇరుసు విఱిగిన తరువాతి నష్టముతో పోల్చదగినది కాదు.

ఒకప్పుడు మన రైలుస్టేషనులలో బండి ఆగగానే పొడుగైన సుత్తిని చేతబట్టి ఒక మనుష్యుడు పెట్టెలవెంట నడచుచుండెడివాడు. ఒక్కొక్క చక్రమును తట్టి ధ్వని వినుచు, ఇరుసుపెట్టెపై చేయియుంచి వేడి చూచుచు పోవుచుండెడివాడు. పెట్టెలోని మనము కాఫీ కొఱకు కేకలు వేయుచు అతనిని చూచియు చూడనివారమై యుండెడివారము. ఇప్పుడు వేడిని దూరమునుండియే కొలుచు పరికరములు వచ్చినవి. పరికరము మాఱినను పని మాఱలేదు: వినుట, వినినదానిని సకాలమున నమ్ముట.

ఈ తుదిమాటను రేడియోలో చెప్పుటకు నాకు కొంచెము సంకోచముగా నున్నది. మీలో ఎవరైనను బండి నడుపుచు ఈ ప్రసంగమును వినుచున్నచో, ఇది ముగిసినవెంటనే రేడియోను కట్టివేయుడు. అద్దములు దించి ఒక మైలు దూరము మీ ఇరుసు మాట వినుడు. అది చెప్పునది నా మాటకంటె ముఖ్యమైనది కావచ్చును.